కొత్త జత ముందుకా వెనక్కా

"రెండా, నాలుగా? తొందరగా తేల్చండి మేడమ్" అన్నాడు టైర్లాయన. ఒంటిగంటన్నరకి భోజనానికి షట్టరు దించేస్తాడట. దించితే మళ్ళీ తెరిచేది రేపు మధ్యాహ్నమేనట, కూతుర్ని కాలేజీలో చేర్పించే పని ఉందట. రేపు మధ్యాహ్నం ఈ టైర్లని నేనేం చేసుకోను? రేపు పొద్దున తొమ్మిదింటికి మా ఆయన ఈ కారు నడపాలి. రెండేళ్ళ తర్వాత మొదటిసారి. మందుల డిపో మేనేజరు పక్క సీట్లో కూర్చుని ఊరంతా తిప్పించి చూస్తాడు. పరీక్షకి ఎవరి కారు వాళ్ళే తెచ్చుకోవాలట. సరిగ్గా నడిపితే వ్యాను డ్రైవరు ఉద్యోగం. చెయ్యి వణికిందా, మళ్ళీ అదే ఇనుపసామాన్ల కొట్టు, అవే మేకులు, అదే తక్కెడ. గోడ గడియారంలో పన్నెండూ ముప్పై ఐదు. బయట ఆకాశం మసిగుడ్డలా ఉంది. రేపు కూడా వానేనని పొద్దున రేడియో చెప్పింది, ఆ మాట వినగానే ఆయన కాఫీ గ్లాసు సగంలో పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు.  

జాకీ మీద నా కారు నాలుగు కాళ్ళూ ఎత్తుకుని సిగ్గు లేకుండా వేలాడుతోంది. పదిహేనేళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నదాన్ని, టైరు చూస్తే వయసు చెప్పగలను. ముందువి రెండూ అరిగి గుండ్లయిపోయాయి, నేర్చుకునేవాళ్ళు నిలబెట్టిన చోటే స్టీరింగ్ తిప్పి తిప్పి వాటి ప్రాణం తీశారు. ముఖ్యంగా ఆ బ్యాంకు క్యాషియరు, రివర్సు గేరు వేస్తే చాలు నోట్ల కట్ట లెక్కపెడుతున్నట్టు వేళ్ళు తడుపుకుంటాడు. వెనకవాటికి ఇంకా కొంచెం గాట్లున్నాయి, ఆరేడు నెలలు లాగుతాయి. చేతిసంచిలో పదహారు వేలున్నాయి. మంచి కంపెనీ టైరు ఒక్కోటీ అయిదున్నర. రెండంటే హాయిగా సరిపోతాయి. నాలుగంటే పేరు తెలియని కంపెనీవి, అదీ సంచి అడుగు దులిపితే. మూడేస్తే ఎలా ఉంటుందని నోరు జారాను. "మూడేంటి మేడమ్, ఇదేమన్నా పిల్లల సైకిలా?" అన్నాడు. నవ్వాను. నవ్వుతూనే కుర్చీ కొంచెం ముందుకి జరిపాను, మళ్ళీ వెనక్కి జరిపాను. నేనొక చోట కుదురుగా కూర్చోలేను. కారులో కూడా అంతే, నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని నా వైపున్న అదనపు బ్రేకు మీద కాలు ఆడిస్తూనే ఉంటాను. మా ఆడపడుచు ఒకసారి అంది, "వదినా, నువ్వు పక్కన కూర్చుంటే దేవుడైనా సీటు బెల్టు సర్దుకుంటాడు" అని. అప్పట్లో అలా నవ్వుతూ మాట్లాడేది. అప్పట్లో దానికి కుడిచెయ్యి తల పైదాకా లేచేది.

ఈ వారమంతా ఆయన తెల్లవారగానే వెళ్ళి కారులో కూర్చుంటున్నాడు. వంటింటి కిటికీలోంచి కనబడుతుంది. తాళం తిప్పడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి ఎదురుగా ఉన్న ప్రహరీగోడ వైపు చూస్తుంటాడు, గోడ మీద ఏదో సినిమా నడుస్తున్నట్టు. పది నిమిషాలు, పదిహేను. తర్వాత దిగి, తలుపు చప్పుడు కాకుండా వేసి, స్నానానికి వెళ్తాడు. నేను చూడనట్టే పాలు కాస్తాను. నిన్న పాలు పొంగిపోయాయి. బేకరీ వ్యాను మీద పదకొండేళ్ళు చేసిన మనిషి, ఒక్క రొట్టె నలగకుండా ఊరవతల దుకాణాలకి చేర్చిన మనిషి. ఆ రెండేళ్ళ కిందటి ఆదివారం చెల్లెలికి జాకెట్ల లైనింగు గుడ్డ కొనిపెట్టడానికి మా కారు తీసుకెళ్ళాడు. వాన. పిండిమర దాటాక మలుపు. కారు గిర్రున తిరిగి వెనక భాగంతో వెళ్ళి కల్వర్టు గోడకి కొట్టుకుంది. ఆయనకి ఒక్క గీత పడలేదు. వెనక సీట్లో ఉన్న చెల్లెలికి భుజం విరిగింది. కుట్టుపని చేసుకునే పిల్లకి కుడి భుజం. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది, ఇప్పటికీ వారానికి రెండుసార్లు కసరత్తు చేయించుకోవడానికి వెళ్తుంది, ఆ ఫీజు ఆయనే కడతాడు. మేకులు తూచిన జీతంలోంచి ఒకటో తారీఖున అన్నిటికంటే ముందు తీసి పక్కన పెట్టేది అదే. ఎందుకింత పట్టుదల అని నేనెప్పుడూ అడగలేదు. అడగకపోవడం నా మంచితనం అనుకున్నాను.

"రెండే వెయ్యండి" అన్నాను, సమయం పన్నెండూ నలభై ఎనిమిది. "మంచి కంపెనీవే, ముందుకి." టైర్లాయన స్టాండు మీంచి ఒక టైరు లాగి దొర్లించుకుంటూ వచ్చాడు. ముందు చక్రాన్ని దాటి వెనక చక్రం దగ్గర ఆపాడు. "ముందుకన్నాను" అన్నాను. "రెండే అయితే వెనక్కే మేడమ్. వెనకున్నవి తీసి ముందుకి వేస్తాను, ముందువి పారేస్తాను." నాకు నవ్వొచ్చింది, నాకా చెబుతున్నాడు? "స్టీరింగ్ తిరిగేది ముందు చక్రాలకి కదా అన్నా. బ్రేకు పట్టేది ఎక్కువ ముందే కదా. కొత్తవి ముందుండాలి." అతను పోట్లాడలేదు. రోజుకి పదిమందికి చెప్పే మాట లాగే చెప్పాడు. "ముందు చక్రం జారితే మీకు చేతికి తెలుస్తుంది. స్టీరింగ్ తేలిపోతుంది, కాలు తీస్తారు, బండి మళ్ళీ దారికొస్తుంది. వెనక చక్రం జారితే ఎవరు చెబుతారు మీకు? మలుపులో వానకి వెనకభాగం జారిందంటే బండి బొంగరమే. బ్రేకు తొక్కక్కర్లేదు, స్పీడు తగ్గిద్దామని యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు. ముందు కొత్తవి, వెనక అరిగినవి పెట్టుకుని వచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పట్టు తక్కువ ఉండాల్సి వస్తే అది ఎప్పుడూ ముందు చక్రాలకే ఉండాలి మేడమ్." అని నట్లు విప్పడానికి కూర్చోబోయాడు. ఆగండి అన్నాను.  మళ్ళీ అన్నాను. ఆగండి, ఒక్క నిమిషం, ఆలోచించుకోవాలి.

ఆలోచించుకోవడానికేముంది. కాలు తీస్తే చాలు అన్నాడు. కాలు తీశానంతే అన్నాడు ఆయన. ఆస్పత్రి వరండాలో, చొక్కా మీద చెల్లెలి నోటి రక్తం ఎండి అట్టకట్టి ఉండగా, నా చెయ్యి పట్టుకుని అన్నాడు, "నేను బ్రేకు తొక్కలేదు. మలుపని కాలు తీశానంతే. వెనకనుంచి ఎవరో తోసినట్టయింది." నేనేమన్నాను? పాఠం చెప్పాను. పాఠాలు చెప్పేదాన్ని కదా. కంగారులో కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుందండీ, ఆ సంగతి మనిషికి తెలియదు, నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమంది అలాగే ప్రమాణం చేస్తారు, మీ తప్పు కాదు, ఎవరికైనా జరిగేదే. ఎంత మెత్తగా చెప్పాను! పక్కన నిలబడ్డ నర్సు కూడా నావైపు మెచ్చుకోలుగా చూసింది. ఆయన ఇంకోసారి అన్నాడు, తొక్కలేదని. మూడోసారి అనలేదు. మూడోసారికి నమ్మేశాడు. ఆయన పాదాన్ని ఆయనే నమ్మడం మానేశాడు, నేను చెప్పాను కాబట్టి, నేను టీచర్ని కాబట్టి. అప్పటినుంచి రెండేళ్ళు నేను క్షమిస్తూ వచ్చాను. చుట్టాలొచ్చి గుచ్చి గుచ్చి అడిగితే అడ్డం పడ్డాను. పోనివ్వండి, జరిగిందేదో జరిగింది, ఆయన్నేమీ అనకండి. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన తల ఇంకొంచెం కిందికి దిగేది. నాకు మాత్రం నేనెంత మంచిదాన్నో అనిపించేది. నిజం చెబుతున్నాను, అనిపించేది.

ఆ ఆదివారానికి పన్నెండు రోజుల ముందు రెండు కొత్త టైర్లు వేయించాను. అప్పుడూ ఇంతే, డబ్బు రెండిటికే ఉంది. ఈ షాపు కాదు, మా సందు చివర పంక్చర్లు వేసే ముసలాయన దగ్గర. ముందుకే వేయించాను. వెనకవి అరిగి నున్నగా ఉన్నాయని నాకు తెలుసు, తెలిసే, వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను, చివరికి అవి మారింది గుద్దుకున్న బండి బాగుచేయించినప్పుడే. కారు నా చేతిలో ఉన్నన్నాళ్ళూ గ్రౌండులో నత్తనడకే కదా, ఏమీ తెలియలేదు. పాపం ఆ ముసలాయనకి మాత్రం ఏం తెలుసు, ఇలాంటివన్నీ అతనికి ఎవరు చెబుతారు, చెప్పినట్టు చేశాడు. కాదు. ఎందుకబద్ధం, ఎవరి కోసం? అతను అడిగాడు. ఇప్పుడు స్పష్టంగా వినబడుతోంది, ఈ గాలి కొట్టే మిషను రొద మధ్యలో కూడా. చక్రం పట్టుకుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని అడిగాడు, "అమ్మా, వెనక్కి వేస్తే మంచిదేమో?" అని. ఏమో అన్నాడు. భయం భయంగా. నేను క్లాసుకి ఆలస్యమవుతోందని వాచీ చూసుకుంటున్నాను. "తాతా, పదిహేనేళ్ళ సర్వీసు నాది. నాకు నేర్పుతావా?" అన్నాను. అతను నవ్వి, సరే తల్లీ అన్నాడు. నిజానికి అప్పటికి పదమూడేళ్ళే. రెండేళ్ళు కలిపి చెప్పాను. నోటి దురుసుకి తోడు లెక్కలో దొంగతనం. అతనిప్పుడు అక్కడ లేడు, ఆ చోట జిరాక్సు షాపు వచ్చింది. వెళ్ళి అడుగుదామన్నా ఎవర్నీ అడగలేను, బతికిపోయాను అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే కంపరం పుట్టింది. ఆ కంపరం కూడా ఎంతోసేపు నిలవలేదు.

ఎందుకంటే ఒంటిగంట అయ్యింది. ఒంటిగంటకి ఆయనకి భోజనం విరామం. వచ్చి చూస్తానన్నాడు. నడిచి వస్తే పావుగంట. వచ్చి చూస్తాడు. డ్రైవరు చూపు, ముందు టైర్లే చూస్తాడు. కొత్తవి వెనక ఉన్నాయేమిటి అంటాడు. పోయినసారి ముందుకి వేయించావు కదా, ఇప్పుడు వెనక్కెందుకు అంటాడు. నేనేం చెప్పను? చెప్పకపోతే టైర్లాయన చెబుతాడు, అడగ్గానే, బొంగరం ముక్కతో సహా. బొంగరం మాట వింటే చాలు, ఆయనకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. అదే నాలుగూ కొత్తవైతే? నాలుగూ కొత్తవైతే ముందూ లేదు, వెనకా లేదు. ప్రశ్నే పుట్టదు. రేపు పరీక్ష, ఇవాళ ఆయన మనసు చెదరగొట్టడం ఎందుకు? పేరు లేని కంపెనీ అయితేనేం, కొత్త రబ్బరు కొత్త రబ్బరే. సంచిలో ఉన్నదంతా పోస్తే పోయె, ఈ నెల ఎలాగో గడుస్తుంది. ఉద్యోగం వచ్చాక తీరిగ్గా ఏ ఆదివారమో చెబుతాను. ఎంత బాగా అమిరింది! దొంగకి వెనక గుమ్మం కనబడ్డట్టు కనబడింది నాకు. "అన్నా, నాలుగూ మార్చెయ్యండి" అన్నాను. "చవకవి." టైర్లాయన ఒక చూపు చూసి, "మీ ఇష్టం. రెండు మంచివి చాలు అని నా మాట" అని నాలుగు టైర్లు దింపడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. నేను లేచి గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళి సంచి జిప్పు తీశాను. గుండె తేలికపడింది. అబద్ధం చెప్పడం కూడా అవసరం లేని అబద్ధం, ఇంతకంటే ఏం కావాలి?

సంచిలో రెండు కవర్లున్నాయి. ఒకటి నాది. రెండోది పొద్దున ఆయన ఇచ్చింది, పైన ఆయన రాత, చెల్లెలి పేరు, కింద ఈ నెల పేరు. వచ్చేప్పుడు దారిలో ఇచ్చిరమ్మన్నాడు, నేను టైర్ల హడావుడిలో ఇవ్వలేదు. పదహారు వేలు అని ఇందాకట్నుంచి లెక్క వేస్తున్నానే, అందులో ఇదీ కలిపేశానన్నమాట. ఎప్పుడు కలిపాను? వేళ్ళు తెలిసే కలిపాయా? ఆ పిల్ల చెయ్యి పైకెత్తి చూపించిన రోజు గుర్తొచ్చింది, పోయిన నెలలో, గుమ్మం పక్కన గోడ మీద పెన్సిలుతో గీతలు గీసుకుంది, ఎత్తు కొలిచే పిల్లల్లాగా. "చూడు వదినా, ఈ నెల నాలుగు వేళ్ళు ఎక్కువ లేచింది" అంది. నాలుగు వేళ్ళు. అన్నయ్యని ఒక్క మాట అనలేదు ఈ రెండేళ్ళలో. అనకపోయినా వాళ్ళన్నయ్య దాని ముందు కుర్చీలో కూర్చోడు, నిలబడే మాట్లాడి వచ్చేస్తాడు. ఆ కవరు చింపి నా నోరు మూయించుకోవాలన్నమాట నేను. దాని భుజం విరగ్గొట్టి, ఆ భుజానికిచ్చే డబ్బుతో దాచుకోవాలి. ఛీ. ఎవరో బయట హారను కొట్టారు, ఉలిక్కిపడ్డాను. జిప్పు వేశాను. తీశాను. నా కవరు ఒక్కటే తీసి బల్ల మీద పెట్టి, గట్టిగా, అవసరానికి మించి గట్టిగా, "రెండే. మంచివి. వెనక్కి" అన్నాను. టైర్లాయన మూడో టైరు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాడు. "ఇదే ఆఖరా మేడమ్? నా నడుం కూడా టైరు లాంటిదే, అరిగిపోతుంది." ఇదే ఆఖరు అన్నాను.

ఒంటిగంటా పదహారుకి ఆయన వచ్చాడు. వాన కూడా ఆయన వెంటే వచ్చింది. గొడుగు మూసి నీళ్ళు దులిపి, నన్ను చూడకుండా నేరుగా కారు దగ్గరికెళ్ళాడు. టైర్లాయన వెనక చక్రానికి నట్లు బిగిస్తున్నాడు. ముందు చక్రం మీద బొటనవేలితో నొక్కి చూశాడు. వెనక్కి వచ్చాడు. నేననుకున్న మాటే, అనుకున్న గొంతుతోనే. "వెనక్కి వేయించావేం?" టైర్లాయన నోరు తెరవబోయాడు. ఉండండి అన్నాను నేను. "మీతో ఒకటి చెప్పాలండీ. పోయినసారి ముందుకి వేయించింది తప్పు. వెనకవి నున్నగా ఉన్నాయని నాకు తెలుసు. పంక్చర్ల తాత వెనక్కి వేద్దామన్నాడు, నేను వినలేదు. ఆ రోజు కారు తిరిగింది అందుకు. మీరు బ్రేకు తొక్కలేదు. మీరు చెప్పింది నిజం." ఒక్క ఊపిరిలో అనేశాను. ఆయన నావైపు చూడలేదు. వంగి, కొత్త టైరు మీద గుచ్చుకున్నట్టుండే సన్నటి రబ్బరు వెంట్రుకల్ని ఒక్కొక్కటీ గిల్లుతూ నిలబడ్డాడు. మూడు గిల్లాడు, నాలుగు గిల్లాడు. అరిస్తే బాగుండును. టైర్లాయన మర్యాదగా లోపలికి వెళ్ళి ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. "ఎప్పుడు తెలిసింది?" అన్నాడు ఆయన. "అరగంట కిందట." "అరగంటేనా?" "తాత అడిగిన సంగతి ఇప్పుడే గుర్తొచ్చింది. అడిగింది మాత్రం అప్పుడే." ఆయన తలూపాడు. "రెండేళ్ళు" అన్నాడు. నాతో కాదు. తర్వాత చెయ్యి చాపాడు. నా చేతి కోసమనుకున్నాను. తాళాల కోసం.

"పరీక్ష రేపు కదా" అన్నాను. "పరీక్షకి కాదు. చెల్లి దగ్గరికి. దానికి చెప్పాలి." "నేను సాయంత్రం వెళ్ళి..." "ఇప్పుడు. నువ్వే." కొట్టుకి ఫోన్ చేసి, పూట సెలవు అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. జాకీ దిగింది. ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు, తాళం తిప్పాడు, ఇంజను అంటుకుంది. నేను పక్క తలుపు తీసి కూర్చున్నాను. వాన అద్దం మీద గుప్పిళ్ళతో కొడుతున్నట్టు పడుతోంది. చేతులు వణుకుతున్నాయి ఆయనకి, కనబడుతూనే ఉంది. కాదనను. అయినా షాపు ముందు మెట్టు దింపి రోడ్డెక్కించాడు. అద్దం చూడండి, ఇండికేటరు, క్లచ్చి మెల్లిగా, పదిహేనేళ్ళ పాఠం అంతా గొంతులోకి వరసగా వచ్చి నిలబడింది. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. పిండిమర దారి కాకుండా ఇంకో దారుంది, ఆయన దాని వైపు తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు. మలుపు వచ్చింది, వెళ్ళింది. నేను కళ్ళు మూసుకున్నానో లేదో నాకే తెలియదు. "ఏమని మొదలుపెడతావు?" అన్నాడు ఆయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "తెలీదండీ." "ఇందాక నాతో ఎలా అన్నావో అలాగే అను. నీ వైపునుంచి ఏమీ కలపకు." కలపను అన్నాను. ఆ మాటలు మళ్ళీ మనసులో పేర్చుకుంటున్నాను, పోయినసారి, తప్పు, వెనకవి, తాత, ఏ మాట ముందో ఏది తర్వాతో, అది నన్ను వదినా అంటుందా ఆ తర్వాత, అనకపోతే నేను ఏమని పిలవను, కుర్చీ వేస్తుందా, గోడ మీద గీతలు చూడకుండా ఎటు చూడాలి. కారు వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. వానలో కూడా లోపలినుంచి కుట్టుమిషను చప్పుడు వినబడుతోంది, ఎడతెరిపి లేకుండా. కిటికీలోంచి ఆ పిల్ల చూసినట్టుంది, స్టీరింగ్ ముందు ఎవరున్నారో. మిషను ఆగింది. నేను తలుపు తీసుకుని దిగాను.